తగ్గినవాళ్లు తిరిగి రాని తోట: కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా

ఇది నేను కోరుకుని చేసిన ప్రయాణం కాదు. మా చిన్నమ్మ రాజవ్వకు రొమ్ములో గడ్డ ఉందని తెలిసి అప్పటికి నెల దాటింది. ఆమె కోరుట్లలో బీడీలు చుడుతుంది, చిన్నాయన మస్కట్‌లో కూలి పని చేస్తాడు. కోరుట్ల డాక్టరు గడ్డలో సూది గుచ్చి చేసే పరీక్ష చేయించుకోమన్నాడు. ఆ మాట చిన్నమ్మ ఫోన్లో చిన్నాయనకు చెప్పింది, ఆయన తన రూములో వాళ్లకు చెప్పాడు. ఆ రూములోనే ఉండే సిరిసిల్ల మనిషి ఒకతను వాయిస్ మెసేజ్ పంపాడు. సిరిసిల్ల దాటాక ఒక మామిడితోటలో ఆకు పసరు పోసే పెద్దమనిషి ఉన్నాడట, గడ్డలు కరిగిపోతాయట, సూది మాత్రం తగలనియ్యొద్దట, తగిలితే రోగం ఒళ్లంతా పాకుతుందట. ఇంటి పక్క డాక్టరు చెప్పింది ఒక చెవిన పడి పోయింది. సముద్రం అవతలి నుంచి వచ్చిన మాట మాత్రం ఇంట్లో అందరి మనసులో కూర్చుంది.

నేను జగిత్యాలలో టీచరును. గొడవపడితే చిన్నమ్మ నాకు చెప్పకుండానే వెళ్లిపోతుందని తెలుసు కాబట్టి ఒక ఒప్పందం చేసుకున్నాను. ఆదివారం నేను ఆమె వెంట సిరిసిల్ల వస్తాను, సోమవారం ఆమె నా వెంట జగిత్యాల పెద్దాసుపత్రికి రావాలి. వెంటనే సరేనంది. అంత తొందరగా ఒప్పుకోవడమే నాకు నచ్చలేదు.

పొద్దున్నే జగిత్యాల బస్టాండులో మెట్‌పల్లి బస్సెక్కితే ముప్పావు గంటలో కోరుట్లలో దిగొచ్చు. అక్కడ చిన్నమ్మను వెంటబెట్టుకుని కథలాపూర్ మీదుగా వేములవాడ వెళ్లి, మళ్లీ సిరిసిల్ల బస్సు పట్టుకోవాలి. మధ్యలో ఎదురుచూపులతో కలిపి మూడు గంటలు అనుకోండి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. పసరు పరగడుపున తాగాలి కాబట్టి చిన్నమ్మ మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆమె ముందు చాయ్ తాగడానికి నాకు మనసు రాలేదు. కథలాపూర్ దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, అసలు సంగతి చెప్పింది. పసరు తాగినవాళ్లు మూడు నెలల దాకా సూది మందు, గోలీలు ముట్టకూడదట.

"మరి రేపు ఆసుపత్రికి వస్తనంటివి కద చిన్నమ్మా" అన్నాను.

"వస్త బిడ్డా. సూది ఒద్దని జెప్పి వస్త."

మూడు నెలలు. ఆ గడ్డ నెలలోనే ఎంత పెరిగిందో నేను చేత్తో తడిమి చూసినదాన్ని. వేములవాడ చేరేదాకా నాకు రోడ్డు కనిపించలేదు. ఆమె చేతిలోంచి సంచీ లాక్కుని దిగిపోదామా అని కూడా అనిపించింది. కానీ ఇంకోవైపు, సిగ్గు విడిచి చెప్తున్నాను, నిజంగానే కరిగిపోతే ఎంత బాగుంటుందని నాకూ ఆశ పుట్టింది. భయం ఉన్నచోట చదువు పెద్దగా పనిచేయదు.

సిరిసిల్ల బస్టాండు బయట ఆటో మాట్లాడితే పోనురాను నాలుగు వందలన్నాడు. మేం చోటు చెప్పకముందే ఎక్కడికో అతనికి తెలిసిపోయింది. ఆదివారం వస్తే తనకు అదే గిరాకీ అన్నాడు. ఊళ్లోని మగ్గాల చప్పుడు వెనకబడ్డాక, తగ్గినవాళ్లను ఎవరినైనా చూశావా అని అడిగాను.

"నేను తోల్కపోయేటోళ్లందరు కొత్త మొఖాలే అక్కా" అన్నాడు. గిరాకీ బాగుందన్నట్టుగానే అన్నాడు.

తోటలో రేకుల షెడ్డు ముందు పెద్ద లైను ఉంది. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. పసరు పోసే ఆయన తెల్లటి ధోవతిలో, మెత్తటి గొంతుతో, అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. ఒక్క కొబ్బరికాయ తప్ప ఏమీ తీసుకోడు. మోసగాడిలా కనిపిస్తే నాకు పని తేలికయ్యేది. అలా కనిపించకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. చిన్నమ్మ సంచీలో ఉన్న స్కానింగు కాగితాలు చూడమంటే, నవ్వి, అవి అక్కర్లేదన్నాడు. తర్వాత నియమాలు చెప్పాడు. సూది వద్దు, గోలీలు వద్దు, వంకాయ వద్దు.

"ఇంకోటి అవ్వా. తగ్గినంక మల్ల ఇటు రావద్దు. వస్తె మందు గుణం పోతది."

పసరు మందుకు ఇలాంటి కట్టుబాట్లు ఉంటాయని మా దిక్కు అందరికీ తెలుసు. ఆకు పేరు చెప్పకూడదు, ఇచ్చినవాడికి తగ్గిందని చెప్పకూడదు. ఎవరూ దాన్ని అనుమానంగా చూడరు. చిన్నమ్మ కూడా బుద్ధిగా తలూపి, ఆయన పసరు గిన్నె తేవడానికి లోపలికి వెళ్లాక, మా వెనక నిలబడ్డ ఆమెను మాటల్లోకి దించింది. ఆమెది వెల్గటూరు దిక్కట, పొలం పనులకు పోతుందట. దవడ మీద పుండుకు పచ్చ తువాల అడ్డం పెట్టుకుంది. నీకెవరు చెప్పారని చిన్నమ్మ అడిగింది.

"మా అక్క తాగింది. ఆమె గూడ మల్ల రాలే."

"అయితె తగ్గినట్టే గద?"

"సచ్చిపోయింది. పోయిన యాడాదే."

చిన్నమ్మ నా చేయి పట్టుకుంది. మరి నువ్వెందుకొచ్చినవని ఆమెను అడిగింది.

"ఇంకేడికి పోవాల్నో ఎవలు జెప్పిన్రు?" అంది ఆమె.

లోపలి నుంచి ఆయన గిన్నెతో వచ్చేసరికి చిన్నమ్మ లైనులోంచి పక్కకు జరిగింది. గ్లాసు ఖాళీగానే సంచీలో పెట్టుకుంది. నేను ఆ తువాలామెకు పెద్దాసుపత్రి గురించి, ఏ రోజు రావాలో, ఎవరిని అడగాలో గబగబా చెప్పాను. ఆమె సరేనన్నట్టు తలూపింది. కానీ లైను ముందుకు కదిలింది, ఆమె కూడా కదిలింది. గ్లాసు చాపడం చూశాను. తర్వాత చూడలేక ఆటో వైపు నడిచాను.

ఆ రోజే చిన్నమ్మను జగిత్యాల తెచ్చుకున్నాను. సోమవారం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఏదీ దాచలేదు. అది క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చు, సూదితో పరీక్షిస్తే రోగం పాకదు, ఆలస్యం చేస్తేనే ప్రమాదం అంది. చిన్నమ్మ సూది పరీక్ష చేయించుకుంది, రిపోర్టు ఇంకా రాలేదు. ఇది రాస్తుంటే ఫోను మోగిన ప్రతిసారీ రిపోర్టేమోనని చూస్తున్నాను. ఆ తోటకు వెళ్లేవాళ్లను వెర్రివాళ్లనడం నాకిప్పుడు చేతకాదు. దారి చెప్పే మనిషి దొరకనప్పుడు, మెత్తగా మాట్లాడేవాడే దారిలా కనిపిస్తాడు.

మీ ఇంట్లో ఇలాంటి కష్టం వస్తే ఒక్క పని చేయండి. ఎవరి దగ్గర వైద్యం మొదలుపెట్టే ముందైనా, "ఈ కాగితాలు ఇంకో డాక్టరుకు కూడా చూపిస్తాం" అని చెప్పి చూడండి. మంచి డాక్టరు అయితే చూపించుకోమంటారు. వద్దనేవాళ్లు, కాగితాలు చూడనే చూడనివాళ్లు ఎవరైనా సరే, అక్కడ ఆగకండి.

ఆ సోమవారం ఆసుపత్రి గేటు దాటి బయటికొస్తుంటే చిన్నమ్మ ఉన్నట్టుండి ఆగి వెనక్కి, ఓపీ చీటీల లైను వైపు చూసింది. ఎవరి కోసం వెతుకుతోందో అడగనవసరం లేదు, నేనూ పొద్దుటి నుంచి పచ్చ తువాల కోసమే చూస్తున్నాను.

"ఆడ మల్ల రావద్దన్నడు. ఈ డాక్టరమ్మ వారానికి మల్ల రమ్మన్నది" అంది చిన్నమ్మ. "గామె గూడ ఈడికొస్తె మంచిగుండు బిడ్డా."