టక్కులమారి సైకిలు

ఇంటర్మీడియట్ పిల్లలకి ధ్వని పాఠం ఇరవై ఏడేళ్ళుగా చెబుతున్నాను. ధ్వని ఎలా పుడుతుందో, ఎలా ప్రయాణిస్తుందో, గోడకి తగిలి ఎలా తిరిగొస్తుందో బోర్డు మీద బొమ్మలేసి మరీ చెబుతాను. అలాంటి నాకు, నా సొంత సైకిల్లోంచి వచ్చే ఒకే ఒక్క చప్పుడు ఎక్కడ పుడుతోందో తెలియడానికి మూడు నెలలు పట్టింది. అదైనా నేను కనుక్కోలేదు. నన్ను కాసేపు నోరు మూసుకోమన్న మనిషి కనుక్కున్నాడు. నా తెలివితక్కువతనం ఎంతటిదో ముందే ఒప్పేసుకుంటే, తర్వాత చెప్పేవి మీకు నమ్మబుద్ధవుతుంది.

సైకిలు కొనమన్నది డాక్టరు. కొనమని అనలేదు గానీ, షుగరు సరిహద్దులో ఉంది, దాటకుండా చూసుకోమన్నాడు. రోజూ ఒళ్ళు కదలాలి, భోజనం తర్వాత వక్క నమలడం మానాలి. మొదటిది కష్టం, రెండోది అన్యాయం. నడకంటే నాకు బద్ధకం కాబట్టి సైకిలన్నాను. పేపరు వేసేవాళ్ళు తొక్కే మామూలు సైకిలు సరిపోయేది. కానీ చదువుకున్నవాణ్ని కదా, నెలరోజులు చదివి, రోడ్డు బైకనే పందెం సైకిలు తెప్పించాను. వేలెడు లావు టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు. మా ఆవిడ దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇంత పోసి కొంటే ఇన్ని తీసేసి ఇచ్చారేంటండీ అని అడిగింది.

అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చింది. చక్రాలు, హ్యాండిలు బిగించాను. సీటు ఇంకా పెట్టెలోనే ఉంది. ఈలోగా మా ఆవిడ క్యాలెండరు చూసి, పావుగంటలో వర్జ్యం వస్తోంది, ముందు పూజ కానివ్వమంది. సీటు పెట్టకుండా పూజేంటన్నాను.

"దేవుడేమన్నా ఎక్కి తొక్కుతాడా?" అంది.

భౌతికశాస్త్రాన్ని పక్కనబెట్టి, సైకిల్ని గోడకి చేరేశాను. పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. తాంబూలం ఎక్కడ పెట్టాలో తోచక కాసేపు చూసింది. ఆ సైకిలంతా గొట్టాలే, ఆకు నిలిచే చోటు లేదు. చివరికి, సీటు దిగాల్సిన గొట్టం పైకి నోరు తెరుచుకుని ఉంటే, దాని మీద మూతలా రెండు తమలపాకులు పరిచి, వాటి మీద రెండు గుండు వక్కలు పెట్టింది. అక్షింతలు చల్లింది. నేను హారతి కళ్ళకద్దుకోబోతూ మోచేత్తో హ్యాండిల్ని పొడిచాను. సైకిలు గోడ వెంట జారింది. పడకుండా పట్టుకున్నాను గానీ, ఆకులు నేలపాలయ్యాయి.

ఒక వక్క గుమ్మం దగ్గర దొరికింది. రెండోది లేదు. సోఫా కింద చూశాం, అట్టపెట్టె దులిపాం, బీరువా కిందికి చీపురు పోనిచ్చాం. మా ఆవిడ లేచి నడుం సర్దుకుని, నా నోటి వంక చూసింది.

"పూజ కాకుండానే వేసేసుకున్నారా?"

లేదన్నాను. అదేం ఖర్మో, సరిగ్గా అప్పుడే నవ్వొచ్చింది. నవ్వుతూ చెప్పిన సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం పూజకి ముందు ఆవిడ నన్ను పిలిచి, పళ్ళెం చూపించి, "రెండు. చూసుకున్నారుగా" అనేది. దేవుడి వక్క తిన్న మనిషని మా అత్తగారి ఊరిదాకా పేరొచ్చింది. ఇక గేటు దగ్గర చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల సంగతి. ఆ సన్నటి టైర్లు వాటిని నలపలేదు, పక్కకి జారిపోయాయి. సాయంత్రం వాటితో పులిహోర చేసుకున్నాం.

చప్పుడు మొదటి రోజునుంచే ఉంది. తొక్కుతుంటే కాళ్ళ దగ్గర్లో ఎక్కడో టక్. కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టక్ టక్. కొత్త చెప్పులు కిర్రుమన్నట్టు కొత్త సైకిలు టక్కుమంటుందనుకున్నాను. నలుగురితో కలిసి తొక్కడం మొదలయ్యాకే అది నాకొక్కడికే మామూలని తెలిసింది.

ఆ నలుగురూ దొరకడం నా అదృష్టం. రాజమహేంద్రవరంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, కాలేజీ, ఇల్లు తప్ప నాకు స్నేహాలంటూ లేవు. మనుషుల్లో కలవడం రాదు. బోర్డుకి తిరిగి మాట్లాడటం అలవాటై, మనిషి మొహం చూసి మాట్లాడటం మర్చిపోయినట్టున్నాను. తెల్లవారుతుండగా గోదావరి గట్టు మీంచి ధవళేశ్వరం వెళ్ళి, బ్యారేజీ దగ్గర టీ తాగి వచ్చే ఆ జట్టు, ఒకరోజు నన్ను దాటిపోతూ, రండి మాష్టారూ అని పిలిచింది. అంతే. ఆ పిలుపు కోసం నేను నాలుగున్నరకే లేచి కూర్చునేవాణ్ని. నా జన్మలో పిల్లలకి తప్ప ఇంకెవరికీ అంత ఠంచనుగా హాజరు కాలేదు.

జట్టుకి పెద్ద ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరు. డెబ్బయి దగ్గరపడ్డా వెన్ను నిటారుగా పెట్టి తొక్కుతాడు. ధవళేశ్వరం చేరేదాకా మాట్లాడడు. మనసులో జపం చేసుకుంటాడు, నూట ఎనిమిది. పది రోజులు ఓపికపట్టి, పదకొండో రోజు టీ దగ్గర నా భుజం మీద చెయ్యేశాడు.

"మాష్టారూ, ఏమనుకోకండి. మీ టక్కుకీ నా లెక్కకీ కుదరట్లేదండి. ఇవాళ నూట నలభై దాకా పోయాను."

పుణ్యం ఎక్కువొచ్చిందిగా అని మిగతావాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి మాత్రం, ఎవరూ అనకుండానే, వందగజాలు వెనకపడి తొక్కడం మొదలుపెట్టాను. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. పెద్దమనిషికి విసుగొచ్చిందనుకున్నాను. ముందు నలుగురి వీపులు, వెనక నేనూ నా టక్కూ.

ఈ సంగతి కూరల మార్కెట్లో ఆయన భార్య ద్వారా మా ఆవిడకి చేరింది. ఆవిడకి ముందునుంచీ ఆ గట్టు మీద తిరిగే ఇసుక లారీలంటే భయం. నలుగురితో వెళ్తున్నారు కదా అని ఊరుకుంది. ఇప్పుడు ఖరాఖండిగా చెప్పేసింది. పక్కన మనుషులుంటే వెళ్ళండి, ఒంటరిగా అయితే వద్దు, సైకిలు అమ్మేయండి. పైగా ఆ నెలాఖరు ఆదివారం జట్టంతా యానాం వెళ్ళాలని అనుకుంటున్నారు. యానాం అనగానే మా కాలేజీ స్టాఫ్ రూములో ఒక్కరూ సైకిలు గురించి అడగలేదు, సంచీ ఎంత పెద్దది పట్టుకెళ్తున్నారని అడిగారు. నాకు కావలసింది అక్కడ చవగ్గా దొరికే మందు సీసాలు కావు. అరవై పైచిలుకు కిలోమీటర్లు ఆ నలుగురి పక్కన తొక్కడం. చప్పుడు పోతే జట్టులో ఉంటాను, పోకపోతే సైకిలే పోతుంది.

పుండొకచోట, మందొకచోట అంటారు. నేను మందు ఒళ్ళంతా రాశాను. చైనుకి నూనె పోశాను, తర్వాత ఆ నూనె తుడిచి వేరే నూనె పోశాను, తర్వాత చైనే మార్చాను. పెడళ్ళు మార్చాను. నీళ్ళ సీసా తీసేసి దాహంతో తొక్కాను. జేబులో తాళాలు ఇంట్లో వదిలేసి వెళ్ళి, తిరిగొచ్చేసరికి మా ఆవిడ గుడికెళ్ళి ఉంటే గుమ్మంలో కూర్చున్నాను. మోకాలేమోనని అనుమానమొచ్చి ఒక పూట తైలం రాసుకున్నాను. కూర్చుని తొక్కితే ఎన్ని టక్కులు, లేచి తొక్కితే ఎన్ని అని పట్టిక గీశాను. కూర్చుంటే తక్కువ, లేచి ఊగుతూ తొక్కితే ఎక్కువ. పట్టిక బ్రహ్మాండంగా వచ్చింది, పిల్లవాడెవడైనా రాస్తే పూర్తి మార్కులు వేసేవాణ్ని. అర్థం మాత్రం తెలియలేదు.

అన్నిటికంటే వింత, ఇంటికి తెచ్చి మనందరం చేసినట్టే సైకిల్ని తలకిందులుగా సీటు మీద నిలబెట్టి పెడలు తిప్పితే, కిక్కురుమనేది కాదు. ఎంత తిప్పినా మౌనవ్రతం. నిలబెట్టి ఎక్కానా, రెండు వీధులు దాటేలోపు మళ్ళీ టక్. టక్కులమారి సైకిలని తిట్టుకున్నాను.

యానాం ప్రయాణానికి రెండు రోజుల ముందు, మా కాలేజీ వెనక సందులో ఉన్న సైకిలు షాపుకి తీసుకెళ్ళాను. ఇన్నాళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం గర్వమే. అది నడిపే ముసలాయన మామూలు సైకిళ్ళు బాగుచేసేవాడు, ఈ రోడ్డు బైకు సంగతి ఆయనకేం తెలుసనుకున్నాను. చిన్న రేకుల షెడ్డు. గోడకి చర్చి వాళ్ళ క్యాలెండరు, మూల గుడ్డ కప్పిన హార్మోనియం. ఆదివారాలు చర్చిలో ఆయనే వాయిస్తాడట.

నేను మొదలుపెట్టాను. చైను గురించి, పెడళ్ళ ఇరుసు గురించి, నా పట్టిక గురించి, చప్పుడు లోహంలో గాలిలో కంటే ఎంత వేగంగా పోతుందో దాని గురించి. ఆయన బీడీ పక్కన పెట్టి, అంతా విని, చాలా మర్యాదగా అన్నాడు.

"మాష్టారూ, కాసేపు మీరు మాట్లాడకుండా ఉంటారా అండి?"

మూసుకున్నాను. ఆయన సైకిల్ని రెండు చేతుల్తో ఎత్తి, పసిపిల్లని దొర్లించినట్టు, మెల్లగా తలకిందులు చేశాడు. గొట్టంలోపల ఏదో దొర్లుకుంటూ పోయి, సీటు దగ్గర ఆగింది. నాకూ వినపడింది. మళ్ళీ నిలబెట్టాడు. మళ్ళీ దొర్లుకుంటూ వచ్చి కింద పెడళ్ళ ఇరుసు మీద కూర్చుంది. టక్.

"మీరు తిప్పినప్పుడు ఇది వినపళ్ళేదాండి?"

వినపళ్ళేదు. ఎందుకంటే నేను సైకిలెత్తినప్పుడల్లా నడుం పట్టేసి "అమ్మా" అని మూలిగేవాణ్ని. మూడు నెలలుగా ఆ అసలు చప్పుడు నా మూలుగు కింద దాక్కుంది. ధ్వని పాఠం చెప్పేవాడు చేసే చప్పుడు ముందు మిగతా చప్పుళ్ళెంత?

"ఇది ఇనుము కాదండి. ఇనుమైతే మోగుద్ది. ఇది చెక్క" అన్నాడు, కళ్ళు మూసుకుని.

సీటు వదులు చేసి పీకాడు. సైకిల్ని తలకిందులు చేసి ఒక్క కుదుపు కుదిపాడు. గొట్టంలోంచి ముందు నాలుగైదు పసుపు బియ్యపు గింజలు రాలాయి. ఆ వెనకే, అరిగి నున్నబడ్డ ఒక గుండు వక్క జారి, సిమెంటు నేల మీద దొర్లి, నా చెప్పు దగ్గర ఆగింది.

కొండని తవ్వి ఎలకని పట్టారంటారు. నేను కొండ చుట్టూ నూనె పోస్తూ తిరిగాను, ఎలక లోపల హాయిగా కాపురం ఉంది.

ఆయన నవ్వలేదు. నవ్వడానికి నేను ఆయనకి పూర్తి హక్కు ఇచ్చినా నవ్వలేదు. వంగి వక్క తీసి, చొక్కాకి తుడిచి, గింజలతో సహా రెండు చేతుల్తో నాకందించాడు. "పూజదనుకుంటానండి. మీ ఇంటోళ్ళు పెట్టుంటారు. కింద పడెయ్యకండి" అన్నాడు. పనికి ఏమిమ్మంటారంటే, పనేం చేశానండీ, విన్నానంతే అన్నాడు. బలవంతం మీద టీ తాగాడు.

ఆదివారం నేను జట్టుతో కలిసి, బ్యాంకు పెద్దాయన పక్కనే తొక్కాను. కడియం నర్సరీల దగ్గర తడి మట్టి వాసన, కాలవ మీద పొగమంచు. ఐదు సైకిళ్ళకీ కలిపి గాలి చప్పుడొక్కటే. ద్రాక్షారామం దాటాక ఆయన అంతవరకూ పాటించిన మౌనం వదిలేశాడు.

"ఇవాళ వెనక్కి తిరిగి చూడాల్సొస్తోందండి మాష్టారూ."

పక్కనే ఉన్నా కదండీ, ఎందుకన్నాను.

"అలవాటు తప్పి. ఇన్నాళ్ళూ మీ టక్కు వినపడుతుంటే, హమ్మయ్య, ఉన్నారు, వస్తున్నారు అనుకునేవాణ్ని. అందుకే తిరిగి చూసేవాణ్ని కాదు. జపం లెక్క పోతే పోయిందిలెండి, మీ లెక్క తప్పకూడదు కదా."

నేను విసుగనుకున్న వీపు అది. ఇన్నాళ్ళూ నన్ను కనిపెట్టుకుని ఉన్న వీపు. యానాంలో గోదావరి ఒడ్డున కూర్చుని ఇడ్లీ తింటూ ఆయన వంక చాలాసేపు చూడలేకపోయాను. అటువైపు చూస్తే కళ్ళు చెమ్మగిల్లేలా ఉన్నాయి. వచ్చేటప్పుడు సైకిళ్ళు ట్రాలీ ఆటోలో వేసుకుని, మేమూ వాటి మధ్య కూర్చుని వచ్చాం.

దారంతా మా ఆవిడ గురించి ఆలోచించాను. లారీలంటే ఆవిడకున్న భయానికి, చేతనైన విరుగుడు ఒకటే చేసింది. సీటులేని సైకిలుకి కూడా తాంబూలం పెట్టింది. అది నాతోపాటు గోదావరి గట్టంతా తిరిగింది. నేను ఒంటరిగా వెనకపడి తొక్కిన రోజుల్లో కూడా ఒంటరిగా లేను. నా కింద ఆవిడ పెట్టిన వక్క టక్కుమంటూనే ఉంది, ముందు ఒకాయన దాన్ని వింటూనే ఉన్నాడు. అంత అదృష్టాన్ని నేను నూనె పోసి పోగొట్టుకోవాలని చూశాను.

అందుకు ఆవిడకి కృతజ్ఞతలు చెప్పాలి. చెబుతాను. కానీ దేవుడి వక్క తిన్నవాడన్న పేరు కూడా ఒకటుంది కదా.

వక్కని శుభ్రంగా కడిగి ఎండబెట్టాను. శుక్రవారం ఆవిడ పళ్ళెంలో రెండు వక్కలు పెట్టి, నాకు చూపించి, "రెండు. చూసుకున్నారుగా" అని పువ్వుల కోసం పెరట్లోకి వెళ్ళింది. నేను మూడోది మిగతావాటి పక్కన బుద్ధిగా పెట్టి, పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఆవిడ వచ్చింది. పళ్ళెం చూసింది. వేలితో ఒకసారి లెక్కపెట్టింది, ఇంకోసారి లెక్కపెట్టింది. వక్కల డబ్బా మూత తీసి చూసింది, కొంగు దులుపుకుంది, పళ్ళెం ఎత్తి దాని కింద కూడా చూసింది.

"ఏవండీ, ఇందులో మూడున్నాయేంటి?"

నేను పేపరు దించి, నోరు బాగా తెరిచి చూపించాను.