దానయ్య ఉచ్చుకు పడిన మచ్చ

రాయపూర్ రైల్వే క్వార్టర్ల లైన్లలో కాపురమున్న తెలుగువాళ్లలో గ్యాంగ్‌మన్ దానయ్య సుత్తి పట్టడంలో నలుగురిలో ఒకడు. ఉచ్చు కట్టడంలో మాత్రం అతనికి అతనే సాటి. పార్వతీపురం అవతల కొండవార పల్లెలో తండ్రి దగ్గర నేర్చిన విద్య అది. కొలువు కోసం ఇంత దూరం వస్తూ ఒక ఇత్తడి చెంబునూ ఆ విద్యనూ తెచ్చుకున్నాడు. చెంబు రైల్లోనే పోయింది.

స్టేషను ముందు టాంగా గుర్రాల తోక వెంట్రుకలు అడిగి తెచ్చుకునేవాడు. రెండేసి కలిపి తొడమీద పురిపెట్టి ఉచ్చు కట్టి, అభన్‌పూర్ వైపు వెళ్లే చిన్న బండి పట్టాల పక్క గడ్డిలో పెట్టేవాడు. తెల్లారేసరికి కౌజుపిట్ట అందులో కాలు పెట్టుకుని దానయ్య కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఒక్క ఈక ఊడేది కాదు. లైన్లలో ఎవరింటికి అల్లుడొచ్చినా కౌజు కూర దానయ్య చలవే.

ఉచ్చులూ బోనులూ పెట్టడం నేరమని చట్టం ఉన్న సంగతి లైన్లలో ఎవరికీ తెలియదు. చెప్పవలసిన జంగిల్ గార్డు, పరదేశి అనేవాడు, వారానికో కౌజును సంచిలో వేసుకుంటూ ఆ మాట మరిచిపోయేవాడు. ఒక వారం కౌజు పడలేదు. పరదేశికి చట్టం గుర్తొచ్చింది. మర్నాడే దానయ్యను ఉచ్చుతో సహా పట్టుకుని కేసు రాశాడు.

అసలు ఆ చట్టం తీరే వేరు. లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దమనుషులు జీపులో వెళ్లి డజను పిట్టలను రాల్చుకొస్తే అది షికారు. గుర్రం వెంట్రుకతో ఒక్కదాన్ని పడితే నేరం. మూగజీవుల మీద దయ చూపాలంటే ముందు తుపాకీ కొనుక్కోవాలన్నమాట.

శిక్ష పడితే రైల్వే కొలువు ఊడుతుంది, క్వార్టరు పోతుంది. కోర్టు మెట్ల దగ్గర బంగారమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నీకు దండమెడతాను మావా. వకీలుబాబే మాటాడతాడు. నువ్వు నోరిప్పకు."

"ఇప్పనే. ఒట్టు," అన్నాడు దానయ్య.

మూడు నెలలు పరదేశి జేబులో నలిగిన ఉచ్చు విడిపోయి ఉత్త వెంట్రుకగా మిగిలింది. వకీలు మల్లేశ్వరరావు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "హుజూర్, ఇది నేరమైతే ముందు గుర్రాన్ని బోనెక్కించాలి," అన్నాడు. మేజిస్ట్రేటు నవ్వాడు. కేసు కొట్టేయబోతున్నాడని అందరికీ అర్థమైంది.

పరదేశి బల్ల దగ్గరికి ఉరికాడు. "ఎలా ఉండేదో కట్టి చూపిస్తాను హుజూర్," అని ఏదో ముడి వేసి బల్లమీద పెట్టాడు. "దానయ్య ఉచ్చు అచ్చం ఇలాగే ఉంటుంది."

దానయ్య ఒట్టు గట్టున పడింది.

"అబద్దం హుజూర్! అదేటి, ఉచ్చా? లాగూ బొందు ముడి! దాన్లో కౌజు కాదు గదా, కుంటి కప్ప కూడా పడదు. ఇటియ్యండి!"

పంచె పైకి లాగి, వెంట్రుకను తొడమీద నలిపి, రెప్పపాటులో ఉచ్చు కట్టి బల్లమీద నిలబెట్టాడు. మల్లేశ్వరరావు తల పట్టుకున్నాడు. గుమ్మంలో బంగారమ్మ, "అయిపోనాది. కొలువు పోనాది," అని కూలబడింది.

మేజిస్ట్రేటు కూడా షికారీయే. కళ్లద్దాలు సర్దుకుని, ఇంత సన్నని వెంట్రుక పిట్టను ఎలా ఆపుతుందో చూద్దామని చూపుడువేలు అందులో పెట్టాడు. ఉచ్చు బిగిసింది. లాగాడు, ఇంకా బిగిసింది. జవాను లాగాడు. వేలు వంకాయ రంగుకు తిరిగింది. ఎవరో చాకు తెస్తే కోర్టు కాగితాలు చూసే పేష్కారు అడ్డుపడ్డాడు. "హుజూర్, అది సాక్ష్యం. తీర్పు కాకుండా కోయకూడదు!"

తన ఉచ్చులో పడిన ప్రాణి గిలగిలలాడితే దానయ్య చూడలేడు. "లాగకండి బాబూ, లాగేకొద్దీ బిగుస్తాది," అంటూ వెళ్లి, పిట్టకాలు పట్టుకున్నంత మెత్తగా ఆ వేలు పట్టుకుని ఒక కొస వెనక్కి లాగాడు. వేలు బయటపడింది. ఉచ్చు విడిపోయింది. బల్లమీద మళ్లీ ఉత్త వెంట్రుక.

మేజిస్ట్రేటు వెంట్రుకను చూశాడు, వేలును చూసుకున్నాడు. శిక్ష వేయాలంటే ఆ ఉచ్చు పట్టినదేమిటో తీర్పులో రాయాలి. కలం పట్టలేక పట్టుకుని రాశాడు: "ముద్దాయి కట్టినది దేనినీ పట్టగల ఉచ్చు కాదని కోర్టు స్వయంగా పరీక్షించి తేల్చినది. కేసు కొట్టివేయడమైనది."

మల్లేశ్వరరావు దాన్ని తెలుగులో చెప్పాడు. బంగారమ్మ నేలకు మొక్కింది. దానయ్య మొహం మాడిపోయింది.

"దేన్నీ పట్టలేదని రాసేసినారా బాబూ? మరా ఏలు?"

"నోర్ముయ్యి! బతికిపోయావు, పద," అన్నాడు వకీలు.

ఆ సాయంత్రం లైన్లన్నీ వాళ్లింటి ముందు చేరాయి. బంగారమ్మ అందరికీ బెల్లం పంచి, మొగుడికి అన్నం పెట్టింది. దానయ్య ముద్ద ముట్టలేదు. ఓడినవాడికి అప్పీలు ఉంటుందట, గెలిచినవాడికి ఉండదట. వకీలును అడిగే వచ్చాడు.

"కొలువు దక్కినాది గదా, ఇంకేటి కావాల?" అంది బంగారమ్మ.

"మా అయ్య నేర్పిన ఉచ్చుకి ఏటీ పడదని గవర్మెంటు రాసేసినాదే," అని దానయ్య కంచం ముందు కూచుని ఏడ్చాడు.