పూత రాగానే దున్నమన్న సారు

మా పైవాటాలో ఉండే సారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నడకకని కిందికి దిగుతూ మెట్ల మీద కాసేపు కూర్చున్నారు. మళ్ళీ లేవలేదు. సాయంత్రానికి బెంగళూరు అవతలి కొస బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఆయన పనిచేసిన కంపెనీవాళ్ళు పెద్ద పూలగుత్తి పంపించారు. మా కుటుంబ సభ్యుణ్ణి కోల్పోయామని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. కొన్ని నెలల కిందట ఆయన్ను ఇక రావద్దన్నదీ ఆ కుటుంబమే.

ఇలాంటివి రాసేటప్పుడు పోయినవాళ్ళు ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవారని రాయడం మర్యాద. మా సారు నవ్వేవారు కాదు. పొద్దున్నే ఎదురుపడితే నా ముఖం కాకుండా మా ఇంటిముందు పూలకుండీలు చూసేవారు. వంగి ఒక కుండీలోంచి చిటికెడు మట్టి తీసి, నలిపి, వాసన చూసి, పెదవి విరిచి పోయేవారు. మా ఇంటావిడ ఆ పెదవి విరుపుకు భయపడి కుండీల్లో టీపొడి వేయడం మొదలుపెట్టింది. తర్వాత ఏడాదిన్నరకు ఒకరోజు ఆయన తలాడించారు. ఆ రోజు మా ఇంట్లో పాయసం.

ఆయనది నిర్మల్ వైపు. వ్యవసాయశాఖలో చేరి, చిన్న మోపెడ్ వేసుకుని ఊరూరా తిరిగి, రైతులకు ఇది చల్లండి, అది దున్నండి అని చెప్పడంలోనే ఉద్యోగమంతా గడిపారు. రిటైరయ్యాక బెంగళూరు కంపెనీ పిలిచింది. సోయా పండించే ఊళ్ళలో రైతులు మాట వినే మనిషి కావాలి వాళ్ళకు. బ్రూక్‌ఫీల్డ్‌లో అద్దెలు కట్టలేక, భార్యతో మా బొమ్మనహళ్ళికి వచ్చి చేరారు. సిల్క్‌బోర్డు దగ్గర బస్సు నిలిచిపోయినంతసేపూ ఆయన ఫోనులో రైతులతో మాట్లాడేవారట. ఆ కూడలి పుణ్యాన ఎన్ని ఎకరాలు పథకంలో చేరాయో దేవుడికే తెలియాలి.

సోయా అంటే అప్పటికి నాకు తెలిసింది మీల్‌మేకర్ కూర ఒక్కటే. నేను కటింగ్ మాస్టరుగా పనిచేసిన గార్మెంట్స్ క్యాంటీన్లో వారానికోసారి దాన్ని మసాలాలో ముంచి, మటన్ అని మమ్మల్ని నమ్మించాలని చూసేవారు. నమ్మినవాడు ఒక్కడూ లేడు, వదిలినవాడూ లేడు. అందుకే సారును మొదట అడిగాను, అంత దూరం రైతుకు మీ కంపెనీ డబ్బెందుకిస్తుందని.

ఓపిగ్గా చెప్పారు. సోయా కోశాక నీళ్ళు లేని చేలు మళ్ళీ వానల దాకా ఖాళీగా పడి ఉంటాయి. ఆ ఖాళీలో జనుమో, ఉలవో చల్లి నేలను కప్పి ఉంచితే నేల కొట్టుకుపోదు, సారం పెరుగుతుంది. అలా కప్పిన రైతుకు ఎకరానికి ఇంతని కంపెనీ ఇస్తుంది. ఆ సొమ్ము కంపెనీదీ కాదు. సముద్రాల అవతల పొగ వదిలేవాళ్ళు, దానికి పరిహారంగా మన నేలలో కాస్త కార్బన్ దాచిపెట్టమని ఇచ్చేది. మా హోసూరు రోడ్డు మీద పొగ వదిలేవాళ్ళు ఎవరికీ ఏమీ ఇవ్వరు కనుక, ఆ లెక్కన వాళ్ళు మర్యాదస్థులేనని ఒప్పుకున్నాను.

“మనిషినే ఎండల బట్టలేకుండ నిలబెట్టం, భూమినెట్ల నిలబెడ్తం?” అనేవారు సారు. బట్ట సంగతి కాబట్టి నాకు వెంటనే ఎక్కింది.

పొద్దున్నే మిద్దె మీద ఆయన ఫోను మొదలయ్యేది. అవతల ఎవరున్నా ముందు ఎడ్లు ఎట్లున్నయని అడిగేవారు. ఎడ్లెక్కడివి సార్, ఎప్పుడో అమ్మేసినం, ట్రాక్టరే అని వాళ్ళనేవారు. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. తర్వాత గానీ పంట మాట వచ్చేది కాదు. ఒక ఊరు మాత్రం ఎంతకీ లొంగలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన అద్దెకున్న ఊరు అది. అక్కడి పెద్దరైతు ఒకాయన, రైతులందరి తరఫునా, డబ్బెవరిస్తారని పట్టుబట్టాడు. కంపెనీ అంటే నమ్మడు, యాప్ అంటే నమ్మడు. చివరికి సారు విసిగి ఒకే మాటన్నారు.

“నేనిప్పిస్త పటేలా.”

బట్టలారేయడానికి వెళ్ళి నేనా మాట స్వయంగా విన్నాను. ఆ సాయంత్రానికి ఊరు ఊరంతా చేరింది. విత్తనాలు రైతులే సొంత డబ్బుతో కొన్నారు.

షరతు ఒక్కటే. జనుము పూసినా దున్నకూడదు. మాఘం దాటేదాకా అలాగే నిలవాలి, తర్వాత కూడా కోసి నేల మీదే పరచాలి. ఉపగ్రహం పైనుంచి చూస్తూ ఉంటుంది. ఈ షరతు సారు చెప్పారు, కంపెనీ మెసేజీలూ చెప్పాయి. పూత సమయానికి ఊరినుంచి ఫొటోలు వచ్చాయి. కనుచూపు మేరా పసుపు. ఆ ఒక్కరోజే సారు ముఖంలో నవ్వు లాంటిది చూశాను. మా వీధి చివర టీకొట్టుదాకా వచ్చి నాకు టీ ఇప్పించి, ఫోనులో ఆ పసుపునంతా వేలితో పెద్దది చేసి చూపించారు.

వారం తిరక్కుండా, మళ్ళీ ఆ టీకొట్టు దగ్గరే ఉండగా, పెద్దరైతు ఫోను చేశాడు. పూతొచ్చింది, ఊరంతా దున్నేసినం సార్ అన్నాడు, గర్వంగా. స్పీకరులో ఉంది కనుక నేనూ విన్నాను. సారు గ్లాసు కింద పెట్టి, ఉంచాలెనని చెప్పిన గద అన్నారు.

“చెప్పినవ్. ఫోనుల గూడ ఒచ్చింది. కని మా నాయినకు నువ్వు జెప్పింది, పూత రాంగనే దున్నుమని. గప్పటి సంది మేం గదే జేస్తున్నం. కంపెనీ మాట ఇనాల్నా, నీ మాట ఇనాల్నా? నీ మాటే ఇన్నం సార్.”

నిజమే. జనుము పూతలో ఉండగా కలియదున్నితే మంచి పచ్చిరొట్ట ఎరువు. మోపెడ్ మీద తిరిగినన్నాళ్ళూ సారు చెప్పిన పాఠమది. రచ్చబండల దగ్గర రైతుల చేత వల్లె వేయించేవారట. దున్నితే నేలలోని కార్బన్ గాలికి పోతుందని ఇప్పుడు కంపెనీ చెబుతోంది. సారు దాన్నీ కాదనలేదు. నేను జెప్పిందీ సదువే, వీళ్ళు జెప్పేదీ సదువే అన్నారు. టీ అలాగే వదిలేసి లేచారు.

కంపెనీ ఆ ఊరికి పైసా ఇవ్వనంది. సారు బ్రూక్‌ఫీల్డ్ వెళ్ళి మాట్లాడతానంటే, బీపీ మనిషి, ఒక్కరే వద్దని ఆయన భార్య నన్ను తోడు పంపించింది. అద్దాల గదిలో మేనేజరు కర్నూలు కుర్రవాడు. మాకు లేచి నిలబడి కుర్చీలు వేశాడు, కాఫీ తెప్పించాడు. చెడ్డవాడని రాయాలని నాకెంత ఉన్నా రాయలేను.

“సార్, మీ మీద మాకు చాలా రెస్పెక్ట్. కానీ ఆ ప్లాట్లన్నీ సిస్టమ్‌లో ఫెయిల్ అయినాయి. నేను ఓవర్‌రైడ్ చేయలేను,” అన్నాడు.

“జనుము యాడికీ పోలే. భూమిలనే ఉన్నది. తవ్వి చూడుండ్రి.”

“తవ్వి చూసే ప్రొవిజన్ లేదు సార్.”

నేను ఊరుకోలేక మధ్యలో దూరాను. “విత్తనాలు సొంతంగా కొనుక్కున్నారు గదప్పా, దానికన్నా ఏదో ఒక దారి ఉండాల గదా,” అన్నాను. ఆ కుర్రవాడు కిందికి చూస్తూ, పాలసీలో లేదు అంకుల్ అన్నాడు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు సారు ఎవరికీ ఫోను చేయలేదు. సిల్క్‌బోర్డు దగ్గర ఎప్పటిలాగే నిలిచిపోయాం.

సారు తన పెన్షన్లోంచి పంపిస్తానంటే పెద్దరైతు ఒప్పుకోలేదు. నీ సొమ్ము మేమెందుకు తింటం అన్నాడట. ఆ మాటలో కోపం లేదు, అదే సారును పొడిచింది. మరుసటి సీజనుకు కంపెనీ ఆ ఊరిని పథకంలోంచి తీసేసి, వేరే జిల్లా ఊళ్ళు ఆయనకు అప్పగించింది. పొద్దున మిద్దె మీద ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఎడ్ల సంగతి అడిగేవారు, పంట సంగతి చెప్పేవారు. డబ్బు మాట వచ్చేసరికి, కంపెనీ ఇస్తదట, నేను జెప్పలేను అనేవారు. అలా చెబితే ఎవరు చేరతారు? లెక్కలు తగ్గాయి. కాంట్రాక్టు అయిపోయిందన్నారు. నిర్మల్ వైపు పెళ్ళిళ్ళకు పిలుపులొచ్చినా ఆయన వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలె అన్నా, అని ఆయన భార్య నన్నే అడిగింది, నా దగ్గరేదో ముఖం అదనంగా ఉన్నట్టు.

పెద్దకర్మకు పెద్దరైతు వచ్చాడు. నేనే స్టేషనుకు వెళ్ళి తీసుకొచ్చాను. భోజనం అయ్యాక వరండాలో కూర్చున్నాం. ఊరుకోలేక అడిగాను, సోయా కోశాక ఇప్పుడు చేలల్లో ఏం వేస్తున్నారని. ఏం ఏస్తలేం అన్నాడు. పోయినేడూ లేదు, ఈ ఏడూ లేదు, ఖాళీ. ఇంతకుముందు కంపెనీ లేనప్పుడు కూడా నీళ్ళున్నంతలో అంతో ఇంతో జనుము చల్లేవారు కదా అన్నాను.

“ఏస్తే పూతొస్తది. పూతొస్తే దున్నాల్నా, ఉంచాల్నా? ఎవర్నడగాలె?” అన్నాడు.

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. చెవికి సరిగా వినపడదని ఎప్పుడూ స్పీకరు పెట్టే అలవాటు. పెట్టాడు. రైతులకు నమస్కారం అంది ఫోను. సారు గొంతు. ఎప్పుడు రికార్డు చేయించారో, తీసేసిన ఊరికి ఎందుకు పంపుతున్నారో, ఆ సిస్టమ్‌ను అడిగే ప్రొవిజన్ ఎక్కడుందో నాకు తెలియదు. సోయా కోసినంక చేను ఖాళీగ ఇడువకుండ్రి అని తీరికగా, ఎప్పటిలాగే నవ్వకుండా, చెప్పుకుపోయింది ఆ గొంతు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. సారు భార్య తడిచేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పథకంలో చేరడానికి ఒకటి నొక్కమంది ఫోను. మళ్ళీ వినడానికి రెండు.

పెద్దరైతు ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, అంకె వెతుక్కుని, రెండు నొక్కాడు.