రెండో మైలు

ఓ బస్సు డ్రైవరుకు చర్చిలో చెవినబడ్డ వాక్యాన్ని తెల్లారేసరికి ఆచరణలో పెట్టకపోతే ముద్ద దిగదు. "ఒక మైలు రమ్మన్నవాడితో రెండు మైళ్లు వెళ్లమన్నాడు ప్రభువు" అని ఆదివారం పాస్టరుగారు చెప్పారు. సోమవారం నుంచి ప్రతివాళ్లనీ దిగాల్సిన స్టాపుకు మైలు అవతల దించసాగాడు.

"డ్యూటీకి లేటవుతోందయ్యా, ఆపు!" అని ఆసుపత్రి స్టాపు దాటిపోయిన ఓ నర్సు నెత్తీనోరూ కొట్టుకుంది.

"ఫర్వాలేదమ్మా, రెండో మైలు నా తరఫున" అన్నాడు.

ఓ రోజు పాస్టరుగారే ఎక్కి, చర్చి దాటిపోతుంటే లబలబలాడారు. "నాయనా, ఆ రెండో మైలు కష్టపడాల్సింది నువ్వయ్యా, జనం కాదు!"

డ్రైవరు నాలుక కరుచుకున్నాడు. ఇప్పుడు అడిగిన చోటే బస్సు ఆపి, దిగినవాళ్ల సంచులు మోసుకుంటూ ఇంటి గుమ్మం దాకా నడిచి వెళ్లొస్తున్నాడు. అంతసేపూ బస్సులో మిగిలినవాళ్లు, జన్మలో చర్చి గడప తొక్కనివాళ్లు కూడా, తలలు పట్టుకుని "ప్రభువా!" అంటున్నారు.