చెల్లెలు తీసేయని పాట

ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య వేలాడే తెరలు చూశారా, అవన్నీ మా చెల్లెలు కుట్టినవే. నాటకాల హాల్లో తాడు లాగగానే రెండు పక్కలకూ జరిగే ఎర్ర మఖమల్ తెర కూడా దాని చేతిదే. అంత బరువు గుడ్డను నేనూ మా ఆవిడా చెరో కొసా పట్టుకుని రొప్పుతుంటే, అది మాత్రం తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది. యాభై దాటినా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది. నోరూ సూదంత పదును. వీధి వాళ్లు కత్తెరమ్మ అంటారు. పెళ్లి మాట ఎత్తినవాళ్ల మాట సగంలోనే కత్తిరించి చేతిలో పెట్టేది. చివరికి ఎత్తడం మేమే మానేశాం.

నా సంగతీ కొంత చెప్పాలి. నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి. అయితేనేం, కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి ఈ వీధిలో తొలి దీపం వెలిగించింది నేనే. గాలివానకు తీగలు తెగి ఆసుపత్రి చీకటైపోతే తడుస్తూనే స్తంభమెక్కి సరిచేశాను. పై అధికారి ఇచ్చిన మెచ్చుకోలు పత్రం ఇప్పటికీ ముందుగది గోడకు ఉంది. రిటైరయ్యాక ఫోన్ల పని పట్టుకున్నాను. వీధిలో ఎవరు ఫోను కొన్నా ముందు నా చేతిలో పడాల్సిందే.

చెల్లెలికీ, వీధి చివర బేకరీ ఆయనకూ ఒకే రోజు ఫోన్లు కొనిపెట్టాను. పాటలు దాచుకోవాలంటే ఒక ఖాతా తెరవాలన్నారు దుకాణంలో. ఒక స్తంభం నుంచి రెండిళ్లకు తీగ లాగడం నాకు చేతనైన విద్య. ఒక్క ఖాతాయే తెరిచి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టాను. రెండిళ్లలోనూ పాట మోగింది. ఒక ఇంట్లో స్విచ్చి ఆపితే రెండో ఇంట్లోనూ దీపం ఆరిపోతుందని ఆ తరవాత తెలిసింది.

ముందు చెల్లెలు సణగడం మొదలుపెట్టింది.

"అన్నయ్యా, ఈ ఫోనులో ఎవరో ఏడుపు పాటలు పోస్తున్నారు. పొద్దున కూర్చుని ఏరి పారేస్తానా, మర్నాటికి మళ్లీ ఊరుతున్నాయి."

కొత్త ఫోను కదా, సర్దుకుంటుందిలే అన్నాను. తరవాత బేకరీ ఆయన వచ్చాడు. ఒంటరి మనిషి, అడిగితేగాని మాట్లాడడు.

"అన్నగారూ, నా ఫోనుకు ఏదో తెగులు పట్టింది. నేను పాటలు పెడుతుంటాను, అవి మాయమవుతుంటాయి."

"అన్నీనా?"

"ఒక్కటి తప్ప. అది నేను పాడుకున్నది. పిండి పిసుకుతూ ఊరికే రికార్డు చేశాను, ఎవరికీ వినిపించలేదు. పెద్ద పెద్ద వాళ్ల పాటలన్నీ పోయి నా గొంతొక్కటే మిగిలింది. ఫోను నన్ను వెక్కిరిస్తున్నట్టు లేదూ?"

తీగలు ఎక్కడ కలిశాయో అప్పుడు తట్టింది. ఇద్దరిదీ ఒకటే ఖాతా, ఒకరు తీసేస్తే ఇద్దరికీ పోతాయని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన నేల చూపులు చూశాడు.

"అయితే మీ చెల్లెలు గారు నా పాట విన్నారా?"

"వినే ఉంటుంది."

"ముందు విడదీసెయ్యండి అన్నగారూ. మీకు పుణ్యముంటుంది."

ఇంటికొచ్చి చెల్లెలికి చెప్పాను. నువ్వు పారేసినవన్నీ బేకరీ ఆయనవే అంటే మిషను ఆపలేదు. తీసేయకుండా ఉంచుకున్న ఆ ఒక్క పాటా పాడింది ఆయనే అన్నాక ఆపింది.

"ఆయనా?"

"ఆయనే. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. విడదీసెయ్యమన్నాడు."

 దారపుకండె తీసి మళ్లీ అదే కండె పెట్టింది.

"విడదీసెయ్యి. పరాయివాళ్ల పాటలు మనకెందుకు."

కొత్త ఖాతా తెరిచి ఫోను చేతికిచ్చాను. పాటల పెట్టె ఖాళీ. నీకు నచ్చినవి చెప్పు, పెట్టిస్తానన్నాను. ఏమీ వద్దంది. ఆ వారమంతా దాని గదిలో మిషను చప్పుడే. అదీ తొక్కి ఆపి, తొక్కి ఆపి. ఆసుపత్రి తెర ఒకటి తలకిందులుగా కుట్టి, తనే విప్పుకుంటూ కూర్చుంది. ఇన్నేళ్లలో దాని చేత కుట్టు విప్పించిన తెర లేదు. నేను చూడనట్టే ఉన్నాను.

ఆ తెర విప్పిన మర్నాడు మధ్యాహ్నం చెప్పులు వేసుకుంది. "బేకరీకి వెళ్లొస్తాను."

ఫోను సంగతి కాబట్టి నేను లేకపోతే ఎలాగని నేనూ వెంట నడిచాను.

బేకరీ వెనక గదిలో ఆయన పిండి జల్లిస్తున్నాడు. మమ్మల్ని చూసి జల్లెడ పట్టుకునే నిలబడ్డాడు.

"మీ పాట కావాలండీ," అంది చెల్లెలు, ఉపోద్ఘాతం లేకుండా.

"నా పాటలన్నీ మీరే తీసేశారట కదా."

"తీసేశాను. పొద్దున్నే మిషను ముందు కూర్చుని ఎవరేడుస్తారండీ? మీరేమన్నా ఏడుపు పాటల గోదాము నడుపుతున్నారా?"

ఆయనకు నవ్వొచ్చింది. "మరి నాదీ ఏడుపు పాటే కదమ్మా."

"కాదు. అది పని చేసుకుంటున్న మనిషి పాట. మధ్యమధ్య ఏదో చరిచిన చప్పుడొస్తుంది చూడండి, దాన్ని పట్టుకునే మిషను తొక్కేదాన్ని. ఎంత కుట్టినా కాళ్లు నొప్పెట్టేవి కావు."

"పిండిముద్ద బల్లకేసి కొట్టే చప్పుడండీ అది."

"ఏదైతేనేం. అది నా ఫోనులో వేయించండి."

ఆయన జల్లెడ కింద పెట్టాడు.

"లేదమ్మా. మీరు విన్నారని తెలిశాక మొహం చెల్లక చెరిపేశాను."

 మా కత్తెరమ్మ మాటకు మాట అనకపోవడం నేనెరగను. అలాంటిది కొంగు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను.

"ఉండండి," అన్నాడాయన.

గిన్నెలోంచి పిండిముద్ద తీశాడు. మాకు వీపు పెట్టి, పొయ్యి వైపు తిరిగి బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. ఇంకొకటి. తరవాత సన్నగా అందుకున్నాడు. రికార్డు చేద్దామని నేను ఫోను తీయబోతే చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

పల్లవి దాటాడో లేదో గొంతు ఆగిపోయింది.  "తరవాతిది రావడం లేదండీ. ఎవరి ముందూ పాడలేదెప్పుడూ."

"ఇక్కడ రెండు చరుపులు చరిచి ఊపిరి పీల్చుకుంటారు మీరు," అంది చెల్లెలు, పిండి బస్తా మీద కూర్చుంటూ. ఆ తరవాతి మాట తనే అందించింది.

ఆయన రెండు చరుపులు చరిచి, ఊపిరి పీల్చుకున్నాడు.