బోర్డు మీద రాసిన అర్థం

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆనాడు మా ఊరి పఠనమందిరం బోర్డు మీద ఆ వాక్యం రాసింది మస్తాన్ సారు కాదు, నేను. ఈ ఉదయం బడిలో, వానకు తడిసిన సుద్దముక్క వాసన తగిలి, పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను.

గూడూరు వైపు, కోట అనే ఊరి దగ్గర మా పల్లె. మస్తాన్ సారు పుస్తకాలకు అట్టలు కుట్టేవారు. పఠనమందిరం చూసుకుంటూ దాని వెనక గదిలో ఒంటరిగా ఉండేవారు. ఆ కొలువు పోతే తలదాచుకునే చోటూ పోయినట్టే. సాయంత్రాలు చదువురాని రైతులకు పేపరు చదివి వినిపించి, అందులో వచ్చిన కష్టమైన మాటకు మర్నాడు బోర్డు మీద అర్థం రాయించేవారు. మగవాళ్లు రాకముందే పుస్తకం మార్చుకోవడానికి వెళ్లే నేను, ఆయన చెప్పింది రాసేదాన్ని. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. నా అక్షరాలు ఆయన దిద్దించినవే, తేడా కనిపించేది కాదు.

మా ఇల్లు పక్కనే కనుక కిటికీలోంచి అన్నీ వినపడేవి.

"నియంతృత్వ వ్యతిరేకి అంటే ఏంది సార్?" అని ఒకరోజు ఒక రైతు అడిగాడు.

"ఒక్కడి మాటే చెల్లాల, ఎదురడిగితే నోరు నొక్కాల అనే పాలనను ఒప్పుకోనోడు."

"అట్టయితే మా కోడలే! మా ముసల్దాని మాట ఒక్కటీ చెల్లనియ్యదు."

అందరూ నవ్వారు.

"నవ్వబాకండబ్బా, సగం సరిగ్గానే చెప్పినాడు. ఎవరింట్లో వాళ్లు మొదలుపెట్టాల్సిన పని అది," అన్నారు సారు.

ఆ వారమే మందిరం ప్రెసిడెంటుగారు సభ పెట్టి, దూరదేశాల నియంతలను తిట్టి, తాను నియంతృత్వ వ్యతిరేకినని చెప్పుకున్నారు. మర్నాడే, తనను విమర్శించిన పేపరు ఇక మందిరానికి తెప్పించొద్దన్నారు. నాకు కోపం వచ్చి డైరీలో ఒక వాక్యం రాసుకున్నాను. అది అక్కడే ఉండిపోవలసింది. తెల్లవారి సారు మసీదు నుంచి రాకముందే వెళ్లి సుద్దముక్క తీసుకున్నాను.

'నియంతృత్వ వ్యతిరేకి: తనకు నచ్చని పేపరును కూడా ఊరిని చదవనిచ్చేవాడు.'

ఇంటికి వచ్చిన కాసేపటికి ప్రెసిడెంటుగారి గొంతు వినపడింది.

"ఎవరు రాసినారయ్యా ఇది?"

సారు ఆ వాక్యాన్ని మెల్లగా పైకి చదివారు.

"నేనే రాసినాను. అర్థం తప్పుంటే చెప్పండి, దిద్దుతా."

"నువ్వు అర్థాలు చెప్పింది చాల్లే. గది ఖాళీ చెయ్యి."

మా గుమ్మం నుంచి అక్కడికి పది అడుగులు. కిటికీ ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఇప్పుడు 'నియంతృత్వ వ్యతిరేకి' అన్న మాట తరచూ వినపడుతోంది. ఎవరైనా తమకు తాము ఆ పేరు పెట్టుకుంటే ప్రెసిడెంటుగారు గుర్తొస్తారు. ఆయనకంటే ముందు, ఊచలు పట్టుకున్న నా చేతులు గుర్తొస్తాయి.

మూడో రోజు, పుస్తకం తిరిగి ఇచ్చే నెపంతో గూడూరు బస్సు దగ్గరికి వెళ్లాను. సారు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నారు. ఏడుస్తూ పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఆయన్ని మళ్లీ చూడలేదు. పుస్తకం నా చేతికే తిరిగి ఇచ్చి, బస్సెక్కుతూ అన్నారు:

"అర్థం బాగా రాసినావమ్మా. ఈ తూరి రాస్తే కింద నీ పేరు కూడా పెట్టు."