చెట్టు రామములక్కాయను తన్నిన అల్లుడు

పెళ్ళాన్ని కాపురానికి తెచ్చుకుందామని పోయి, మామ కట్టుకున్న తెల్ల పంచెకు ఎర్రరంగు అద్ది వచ్చిన అల్లుణ్ణి మీరెక్కడైనా చూశారా? ఇదిగో, నేనే. నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి కనుక ఇందులో నీతి వెతక్కండి. దొరికితే నాకూ చెప్పండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. నేను మందమర్రి బొగ్గుబాయిలో పనిచేస్తున్నాను. పెళ్ళయితే అయింది కానీ, నా భార్య లచ్చవ్వ ఖానాపూర్ దగ్గర పుట్టింట్లోనే ఉంది. మామ పంపడం లేదు. ఎందుకంటారా? బాయి అడుగున చెవి ఆనిస్తే కిందిలోకం వాళ్ళు తిట్టుకోవడం వినబడుతుందని పెళ్ళి పందిట్లో ఒక కోత కోశాను. అందరూ నవ్వారు, మామ తప్ప.

"వీని నోట ఒక్క నిజం ఇన్ననాడు బిడ్డను పంపుత" అన్నాడు.

మా పక్క క్వార్టరులో ముత్తు అనే ఫిట్టరు ఉండేవాడు. నీలగిరి కొండల మనిషి. సెలవుకు ఊరెళ్ళి గంపెడు కాయలు తెచ్చాడు. ఒక్కోటి కోడిగుడ్డంత, కుంకుమలో దొర్లించినట్టు ఎర్రగా ఉంది. కోస్తే లోపల అచ్చం మన రామములక్కాయ, అదే టమాట! కానీ ఇది మనిషికంటే ఎత్తు చెట్టుకు కాస్తుందట. అబద్ధంలా వినబడే నిజం! నాకు ఇంకేం కావాలి? సంచి నింపుకొని బస్సెక్కాను.

బస్సు కదులుతుంటే ముత్తు దాని వెంట పరుగెత్తుతూ అరిచాడు. "సుడుతణ్ణి! తినే ముందు సుడుతణ్ణి!"

నాకు అరవం రాదు. అయినా సాఫుగానే వినబడింది: "సూడు, తన్ని!" తన్ని చూడాలన్నమాట. పుచ్చకాయను వేలితో కొట్టి చూడమూ? ఇదీ అంతే అనుకున్నాను.

వాకిట్లో మంచం మీద మామ, ఉతికిన పంచెలో మెరిసిపోతున్నాడు.

"ఏం తెచ్చినవ్ అల్లుడా?"

"రామములక్కాయలు మామా. చెట్టుకు కాసినయి."

"చెట్టుకా?"

"మనిషి కన్న ఎత్తుంటది."

మామ అత్త వైపు తిరిగాడు. "ఇన్నవా? మొన్న కిందిలోకం, ఇయ్యాల చెట్టు. రేపు బొగ్గుబాయిల చేపలు పడుతున్న అంటడు."

"ఒట్టు మామా! తిని సూడు. కాకపోతే తినేముందు జర తన్నాలె."

"ఎవర్ని?"

"కాయను."

అత్త చెంపలు వేసుకుంది. "తినేదాన్ని కాలుతోని తన్నుడేందయ్యా?"

"గా దేశంల గదే రివాజు అత్తా. 'సూడు, తన్ని' అని ముత్తు మరీ మరీ చెప్పిండు."

చెప్పులు విడిచి మర్యాదగానే తన్నాను. ఆ మర్యాద కాయకు అర్థం కాలేదు. ఎగిరి మంచం కోడుకు తగిలి, పగిలి, గింజలతో సహా మామ పంచె మీద వాలింది. ఇక నిజం నిరూపించక తప్పదని నేనే ఇంకో కాయ తోలుతో సహా కొరికాను. వేపాకు దానిముందు బెల్లం!

"తియ్యగున్నదా?" అడిగాడు మామ.

"ఉన్నది మామా" అన్నాను, కళ్ళనీళ్ళతో.

"అయితే ఇంకోటి తిను."

అప్పుడు తలుపు చాటు నుంచి లచ్చవ్వ వచ్చింది. ఒక కాయ తీసుకొని, కత్తిపీట మీద తోలు చెక్కి, ముక్కలకు చక్కెర అద్ది తండ్రి చేతిలో పెట్టింది. "బాపూ, తోలుతోనే పరేషాన్. లోపట మంచిగున్నది."

మామ నమిలాడు. కూతురు పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది. పెళ్ళి పందిట్లో కిందిలోకం కథకు అందరికంటే ఎక్కువ నవ్విందెవరో ఆయనకు అప్పుడే గుర్తొచ్చి ఉంటుంది. నేను అది చూడలేదు, నోరు కడుక్కునే పనిలో ఉన్నాను; తర్వాత లచ్చవ్వ చెప్పిందే.

"బిడ్డా, నువ్వు లేకుంటే వీనికి కాయ తినుడు గూడ రాదు. పో. గీ గింజలు నాటి, చెట్టయి కాస్తదో లేదో నువ్వే సూసొచ్చి చెప్పు" అన్నాడు మామ.

మందమర్రిలో సంగతి విని ముత్తు కడుపు పట్టుకొని నవ్వాడు. "సుడుతణ్ణి అంటే వేడినీళ్ళు సామీ! ముంచితే తోలు వస్తది. కాలు ఎందుకు?"

నేను తన్నిన కాయ గింజలను లచ్చవ్వ కొంగున కట్టి తెచ్చింది. క్వార్టరు వెనక నాటింది. చెట్టు నాకంటే ఎత్తు పెరిగింది. పూత పూసేది, మా బొగ్గుల ఎండకు రాలిపోయేది. చెట్టు కాసిందా, బిడ్డ ఎప్పుడొస్తదని మామ బస్సులో వచ్చేవాళ్ళతో అడిగించేవాడు. "ఇంకా కాయలేదు బాపూ, కాసినంక వస్త" అని లచ్చవ్వ కబురు పంపేది. ఆ చెట్టు కాయకపోవడం నాకెంత లాభమో చెప్పలేను.

చివరికి మామే వచ్చాడు. చెట్టు పక్కన నిలబడి, చెయ్యెత్తి చూసుకున్నాడు. కొన అందలేదు. "చెట్టయితే నిజమే" అన్నాడు మెల్లగా.

ఇంతలో లోపలి నుంచి లచ్చవ్వ, ముత్తు భార్య దగ్గర నేర్చిన అరవం కలిపి, "బాపూ, కాళ్ళకు సుడుతణ్ణి!" అని పిలిచింది.

మామ రెండు చేతులా పంచె పట్టుకొని వెనక్కి దూకాడు. "వద్దు బిడ్డా! నువ్వు గూడ తంతవా?"

కాయలు కాయని ఆ చెట్టు సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. తెలియని భాషలో ఎవరేం చెప్పినా ముందు అర్థం అడుగుతాను, ఆ తర్వాతే కాలు లేపుతాను. కోతలు మానేస్తానని కూడా ఒట్టులో కలపబోయాను. లచ్చవ్వ వద్దంది.